వేసవి బడిలో సైబర్ పాఠం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ యేడు సెలవుల్లో మన సంఘం తరఫున మూడు వారాల వేసవి బడి నడపాలని కార్యవర్గం వారు తలపెట్టినారు. కుట్టుపని, ఇంగ్లీషు మాట్లాడటం, పదో తరగతి తప్పిన వాళ్లకు లెక్కలు - ఇవి ముందే అనుకున్నవి. వీటికి తోడు సైబర్ నేరాల సంగతి కూడా చెప్పాలని మేము ప్రతిపాదించగా, "అదేదో మీరే సభలో వివరించండి" అని మా నెత్తినే పెట్టినారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్లం. కంప్యూటరు మా విద్య కాదు. అయినా ఒప్పుకొన్నాము. ఎందుకంటే ఈ నేరాల్లో కంప్యూటరు పాలు తక్కువ, మనిషి పాలు ఎక్కువ. మనిషి భయం, మనిషి ఆశ, మనిషి సిగ్గు, వీటితోనే ఈ వ్యాపారమంతా నడుస్తున్నది.

ఈ మాట మేము కల్పించి చెప్పడం లేదు. ఐరోపాలో ఎస్తోనియా అని ఒక చిన్న దేశముంది. అక్కడి జనమంతా కలిసినా 2011 లెక్కల్లోని మన కడప జిల్లా జనంలో సగం కాదు. 2007 ఏప్రిల్ ఆఖరులో ఆ దేశపు బ్యాంకుల మీద, పత్రికల మీద, ప్రభుత్వ కార్యాలయాల వెబ్‌సైట్ల మీద ఎక్కడెక్కడి నుంచో దాడి జరిగి, కొన్ని వారాల పాటు అవస్థ పడినారు. దెబ్బ తిన్నవాడికే మందు విలువ తెలుస్తుంది. తర్వాత అక్కడి రాజధాని తాలిన్‌లో విశ్వవిద్యాలయం వారు సైబర్ భద్రత మీద వేసవి బడులు పెట్టినారు. కంప్యూటరు చదివినవాళ్లను, లా చదివినవాళ్లను, మనసు శాస్త్రం చదివినవాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టినారు. ఒక ఏటి బడిలో ముఖ్యమైన పాఠం ఏమిటంటే, మాటలతో మనిషిని లొంగదీసుకొని వాడి చేతనే తాళం తీయించడం ఎట్లా అనేది. అంటే దొంగ తాళం పగలగొట్టడు, ఇంటివాళ్ల చేతనే తీయిస్తాడు. అన్ని శాస్త్రాలవాళ్లూ కలిసి కూర్చుంటే తప్ప ఆ కిటుకు అర్థం కాదని వాళ్లు తెలుసుకున్నారు.

మన దేశంలోనూ ఈ చదువు లేకపోలేదు. సమాచార భద్రత గురించి జనానికి చెప్పే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లో మొదలుపెట్టింది. హైదరాబాదులోని సీడాక్ సంస్థవారు బడి పిల్లలకు, ఆడవాళ్లకు, ఉద్యోగులకు పనికివచ్చే పుస్తకాలు, బొమ్మల పాఠాలు తయారుచేసినారు. అవి మన గడప దాకా రాలేదంటే, తెచ్చుకునేవాళ్లు లేకనే.

అదే 2005లో హైదరాబాదులోని మన ఉమ్మడి హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పాలి. అప్పట్లో రిలయన్స్ వారు తక్కువ సొమ్ముకు సెల్‌ఫోను చేతికిచ్చి, మూడేళ్లు తమ సేవే వాడాలని షరతు పెట్టినారు. ఆ ఫోన్లలో ఉండే ఎలక్ట్రానిక్ వరుస నంబరును మార్చి టాటా ఇండికామ్ సేవకు తిప్పుతున్నారని ఆ సంస్థ ఉద్యోగుల మీద కేసు పడింది. కేసు కొట్టివేయండని వాళ్లు హైకోర్టుకు పోయినారు. సెల్‌ఫోను అంటే చట్టం దృష్టిలో కంప్యూటరేనని, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం దానికీ వర్తిస్తుందని, కేసు విచారణ సాగవలసిందేనని హైకోర్టు చెప్పింది. కనుక మన ఎర్రగుంట్లలో నాపరాళ్ల ఫ్యాక్టరీలో రాయి పాలిష్ పట్టే కుర్రవాని జేబులో ఉన్నది కూడా కంప్యూటరే. "మాకు కంప్యూటరు రాదు, మాకెందుకు" అనే మాటకు ఇరవయ్యేళ్ల కిందటే కాలం చెల్లింది.

ఇక అసలు విషయానికి వస్తాము.

మా బడి పిల్లవాడు ఒకడున్నాడు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. నెలనెలా పంపే సొమ్ము తల్లి ఖాతాలో పడుతుంది. ఒకరోజు ఆమెకు ఫోను వచ్చింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని, కేవైసీ కాగితాలు సరిగా లేవని, ఈరోజు సరిచేయకుంటే కువైట్ డబ్బు వెనక్కి పోతుందని చెప్పినారు. ఒక యాప్ వేయించినారు. ఆమె తెర మీద ఏమి నొక్కుతున్నదో వాళ్లకు కనపడే యాప్ అది. మూడు విడతలుగా 46,000 రూపాయలు పోయినాయి. ఇదంతా పావుగంటలో జరిగింది.

పోయిన సొమ్ము సంగతి అటుంచండి. ఆ తల్లి ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఫీజు కట్టలేదని మేము పిల్లవాణ్ణి గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది. "ఏమమ్మా, ఆ పూటే చెప్పరాదా?" అంటే, "అత్తకు తెలిస్తే ఏమంటుందో, ఆయనకు తెలిస్తే ఫోను తీసేసుకుంటాడేమో అని ఊరుకున్నా సార్" అన్నది. ఆమెను వెంటబెట్టుకొని బ్యాంకుకు పోయినాము. ఏ బ్యాంకో ఇక్కడ అవసరం లేదు. కిటికీ అవతలి ఉద్యోగి నలుగురిలో "చదువుకున్న పిల్లలుండి కూడా ఇట్లా చేస్తారా" అన్నాడు. ఆమె తల వంచుకున్నది. ఫిర్యాదు రాయించినాము గానీ, అప్పటికే సొమ్ము నాలుగు ఖాతాలు దాటి, ఎక్కడో ఏటీఎంలో నోట్లుగా మారిపోయింది.

ఇప్పుడు ఆ మొదటి గంట విలువ ఏమిటో చూద్దాం. 1930 అనే నంబరు ఉంది. 2021లో మొదట 155260 అనే నంబరుతో ఈ ఏర్పాటు మొదలై, తర్వాత 1930గా మారింది. ఈ నంబరుకు ఫోను చేసి ఏ ఖాతా నుంచి, ఎంత, ఎన్ని గంటలకు పోయింది, లావాదేవీ నంబరు ఏమిటి అని చెబితే, ఆ వివరం సొమ్ము చేరిన బ్యాంకుకు వెంటనే పోతుంది. సొమ్ము ఇంకా అక్కడే ఉంటే ఆ బ్యాంకు దాన్ని కదలకుండా ఆపుతుంది. అప్పటికే ఇంకో బ్యాంకుకు పోయివుంటే కబురు ఆ బ్యాంకుకు పోతుంది. అంటే దొంగ ముందు పరుగెత్తుతుంటాడు, మన ఫిర్యాదు వెనుక పరుగెత్తుతుంటుంది. దొంగను మొదటి ఖాతా దగ్గరే పట్టుకోగలిగితే సొమ్ము నిలుస్తుంది. ఆరు రోజుల తర్వాత బయలుదేరితే ఏమి పట్టుకుంటాము? సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు రాయవచ్చు గానీ, డబ్బు పోయినప్పుడు ముందు ఫోను, తర్వాతే రాత.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా, మూడోవాడి వల్ల ఖాతా నుంచి సొమ్ము పోతే, బ్యాంకు కబురు అందిన మూడు పని దినాల్లోపు తెలియజేసినవాడి మీద నష్టం పడరాదని అందులో ఉంది. నాలుగు నుంచి ఏడు దినాలైతే ఖాతా రకాన్ని బట్టి కొంత మొత్తం వరకు మనం భరించాలి. మరి మనమే పిన్ చెప్పి ఉంటే? అప్పుడు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. అయితే తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. ఈ రెండో ముక్కను బాగా గుర్తుపెట్టుకోండి. తప్పు పూర్తిగా మనదే అయినా, చెప్పిన క్షణం నుంచి బరువు మన నెత్తి మీది నుంచి దిగుతుంది. కాబట్టి పరువు పోతుందని నోరు మూసుకొన్న ప్రతి గంటకూ మనం డబ్బు కడుతున్నామన్నమాట. దొంగకు మన సిగ్గు గురించి మనకన్నా బాగా తెలుసు.

అందుకే ఈ వేసవి బడిలో మొదటి పాఠం పిల్లలకు కాదు, ఇంటి పెద్దలకు చెప్పాలని మేమంటున్నాము. డబ్బు పోగొట్టుకొని వచ్చిన కోడలిని, కొడుకును, ముసలితల్లిని ఆ గంటలో తిట్టకూడదు. తిట్టాలనిపిస్తే 1930కు ఫోను చేసినాక తీరుబడిగా తిట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

మన ఇళ్లకు సంబంధించి ఇంకొక సంగతి ఉంది. దీన్ని ఎవరూ చెప్పగా మేము వినలేదు. ఈ మోసగాళ్లలో చాలామంది హిందీలో మాట్లాడతారు. జార్ఖండ్‌లోని జాంతారా ఊరు ఇట్టి ఫోన్లకు దేశమంతా పేరు మోసింది కదా. తెలుగు తప్ప మరొకటి రాని పక్కింటి రెడ్డమ్మకు హిందీ ఫోను వస్తే, "ఏందో అంటాండాడు, నాకు తెలీదు" అని పెట్టేస్తుంది. మన నానీ, దాదీ అట్లా కాదు. వాడు "మాజీ, ఆప్ కైసే హైఁ" అనగానే ఇంటిభాష వినపడినట్టై బదులు పలుకుతారు. మన దఖ్ఖనీకి, వాడి హిందీకి చాలా తేడా ఉన్నా, వినయంగా మాట్లాడేవాడు మంచివాడే అనుకుంటారు. ఇంట్లో దఖ్ఖనీ, బడిలో ఉర్దూ, బజారులో తెలుగు, ఫోను తెర మీద ఇంగ్లీషు - నాలుగు భాషల మధ్య బతుకుతున్నామని మనం గర్వపడతాము. ఆ నాలుగింటి సందుల్లోంచే దొంగ దూరుతున్నాడు. తెర మీది ఇంగ్లీషు చదవలేక, ఫోనులోని హిందీని నమ్ముతున్నాము.

"డిజిటల్ అరెస్టు" అనే మోసం ఇట్లాగే సాగింది. వీడియోలో పోలీసు దుస్తులతో ఒకడు కనిపిస్తాడు. నీ ఆధార్‌తో మత్తుమందుల పార్సిలు పోయిందంటాడు, ఫోను ఆపితే జైలంటాడు, ఎవరికైనా చెబితే వాళ్లనూ పట్టుకుంటామంటాడు. ఆ చివరి మాటలోనే గుట్టంతా ఉంది. మనిషిని ఇంటివాళ్ల నుంచి విడదీస్తే తప్ప వాడి పని కాదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో అట్టి అరెస్టు చట్టంలోనే లేదని చెప్పినారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకొన్నది. పోలీసువాడు అరెస్టు చేయాలంటే గడప దగ్గరికి రావాలి, వీడియోలో కాదు. ఇది నానీలకు దఖ్ఖనీలోనే చెప్పాలి. తెలుగులో కరపత్రం వేసి పంచితే వాళ్లకు అందదు.

వేలిముద్రల సంగతి క్లుప్తంగా చెబుతాము. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను చూసి రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేలకొద్దీ సిమ్ కార్డులు తీసినట్టు పోలీసులు పట్టుకున్నారు. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతికి వేలిముద్రే తాళంచెవి గనుక, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం మంచిది. డబ్బు కావలసినప్పుడు తీసి, మళ్లీ వేసుకోవచ్చు. మన పేర ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు. ఒకరి పేర 9కి మించకూడదు. వాట్సాప్‌లో షాదీ కార్డు వచ్చి, ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది షాదీ కార్డు కాదు, తెరవవద్దు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే కావాలి. ఇవన్నీ ఒక పూట పాఠం.

మమ్మల్ని ఇంతకంటే ఎక్కువగా కలవరపెడుతున్నది మన యువకుల సంగతి. వాళ్లు మోసపోతారని మాత్రమే కాదు, మోసంలో పనిముట్లవుతారని.

మన ప్రాంతం నుంచి కువైట్‌కు, సౌదీకి పోవడం కొత్తగాదు. రాయచోటి, రాజంపేట, కడప, మన ఎర్రగుంట్ల - ఎన్ని ఇళ్లు ఆ సొమ్ముతో నిలబడినాయో మీకు తెలుసు. ఏజెంటు చెబితే విమానం ఎక్కడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటునే కొత్త ఏజెంట్లు వాడుకున్నారు. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి పిల్లలను కంబోడియా, మయన్మార్ దేశాలకు తీసుకుపోయి, పాస్‌పోర్టు గుంజుకొని, కాపలా పెట్టి, మన దేశంవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయమని కొట్టినారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇట్టి ఏజెంట్లను పట్టుకున్నారు. ఆ నెలలోనే కంబోడియాలో భారతీయ యువకులు తిరగబడినారు, కొందరు విశాఖకు తిరిగివచ్చినారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో మన వైమానిక దళం విమానాల్లో 549 మందిని థాయిలాండు మీదుగా వెనక్కి తెచ్చినారు. వాళ్లంతా మయన్మార్ సరిహద్దు శిబిరాల్లో చిక్కుకున్నవాళ్లు. మన నానీకి ఫోను చేసి "మాజీ" అన్న కుర్రవాడు ఒకవేళ ఏ తల్లి ఆశతో విమానం ఎక్కించిన బిడ్డో!

కాబట్టి వేసవి బడిలో పాస్‌పోర్టు పాఠం కూడా ఉండాలి. 1983 వలసల చట్టం ప్రకారం ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడవచ్చు. అతను సేవకు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద పన్ను. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అన్నాడంటే అక్కడికక్కడే లేచి వచ్చేయాలి.

విదేశం దాకా పోకుండా ఊళ్లోనే జరిగేది ఇంకొకటి. "నీ బ్యాంకు ఖాతా నాలుగు రోజులు వాడుకుంటాం, పదివేలు ఇస్తాం" అని ఇంటర్మీడియట్ పిల్లలను, డిగ్రీ పిల్లలను అడుగుతున్నారు. ఏటీఎం కార్డు, సిమ్, పాసుపుస్తకం చేతికిస్తే చాలు. ఇందాక చెప్పినామే, ఆ తల్లి సొమ్ము నాలుగు ఖాతాలు దాటిందని - ఆ ఖాతాలు ఇట్టివే. దొంగ తన పేరున ఖాతా తెరవడు, ఏ పేదింటి కుర్రవాని పేరో వాడుకుంటాడు. ఎక్కడో రాష్ట్రంలో కేసు నమోదైతే పోలీసులు దొంగ ఇంటికి రారు, ఖాతాలో పేరున్నవాని ఇంటికి వస్తారు. కంప్యూటరు ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని సమాచార సాంకేతిక చట్టం 66-డి చెబుతున్నది. దాంట్లో చెయ్యి కలిపినవాడు "నాకు తెలియదు సార్" అంటే వినేవాళ్లు ఎవరు? పదివేలకు ఉద్యోగం, పాస్‌పోర్టు, పెళ్లి సంబంధం అన్నీ చిక్కుల్లో పడతాయి.

ఆడపిల్లల విషయం చెప్పి ముగిస్తాము. ఫోటో మార్చి బెదిరించే నీచులు ఉన్నారు. పిల్ల వచ్చి తల్లికి చెబితే జరిగేదేమిటి? ఫోను గుంజుకొంటారు, బడి మాన్పిస్తారు, ఆరునెలల్లో సంబంధం చూస్తారు. శిక్ష బెదిరించినవానికి కాదు, చెప్పిన పిల్లకు పడుతుంది. ఈ సంగతి తెలిసిన పిల్ల చెప్పదు. చెప్పదని తెలిసినవాడు ఇంకా బెదిరిస్తాడు. తొమ్మిదో తరగతి దాకా బాగా చదువుతున్న పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారని మనం సభల్లో తీర్మానాలు చేస్తుంటాము. కారణాల్లో ఇదీ ఒకటని మా అనుమానం. ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండానే పోర్టల్‌లో పెట్టే వీలుంది. అయినా, ముందు ఇంట్లో చెప్పుకొనే వీలుండాలి కదా.

ఇక ఏర్పాట్లు. మనవి చిన్న బడి, చిన్న ఊరు. తాలిన్ పెద్దల్లాగా ప్రొఫెసర్లు దొరకరు. అయితే పోలీసు స్టేషన్ నుంచి సైబర్ కేసులు చూసేవాళ్లు ఒకరు, బ్యాంకు మేనేజరు ఒకరు, ప్రొద్దుటూరు కోర్టు నుంచి వకీలు ఒకరు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే మన పిల్లలు ఇద్దరు, ఉర్దూ చెప్పడానికి మేము ఉన్నాము. మనసు శాస్త్రం చెప్పడానికి ఎవరంటారా? కొడుకు కువైట్‌లో ఉండగా ఇంటిని నడిపిన ముసలమ్మను ఒకరిని కుర్చీ వేసి కూర్చోబెడదాము. ఎవడు నిజం మాట్లాడుతున్నాడో, ఎవడు కాదో ఆమెకంటే బాగా చెప్పేవాళ్లు మాకు తెలిసి లేరు. వీళ్లంతా వేర్వేరు రోజుల్లో వచ్చి ఉపన్యాసం ఇచ్చి పోవడం కాదు, ఒకే పూట కలిసి కూర్చోవాలి. బ్యాంకువారు చెప్పినదానికి వకీలు బదులు చెప్పాలి, పోలీసువారు చెప్పినదానికి తల్లులు ప్రశ్నలు వేయాలి.

తల్లులకు పగలు పన్నెండు నుంచి రెండు దాకా, వంట అయిపోయిన వేళ. పిల్లలకు ఉదయం ఎనిమిది నుంచి పది దాకా. యువకులకు ఇషా నమాజు తర్వాత, ఫ్యాక్టరీ షిఫ్టులను బట్టి. ఆడపిల్లల తరగతికి ఆడ టీచరే ఉంటారు, మొగవాళ్లెవరూ రారు. మొదటి ఏడు ముప్పై మంది పిల్లలు, పదిహేను మంది తల్లులు చేరినా చాలు. పేర్లు ఈ నెలాఖరు లోపల కార్యదర్శిగారి దగ్గర రాయించండి. ఆ తల్లి కూడా వస్తానన్నది, తన ఫోను వెంట తెస్తానన్నది. సంఘం గోడ మీద తలుపు పక్కన 1930 అని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించడానికి రంగు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చేయి ఎత్తండి.